తలకెక్కినా బరువనిపించకూడదు!

వేలకు వేలు పోసి హెడ్‌ఫోన్స్ కొంటారు. మొదటి రోజు ఇంటిల్లిపాదీ తలా ఓసారి పెట్టుకుని 'అబ్బ... ఎంత బాగుందో!' అంటారు. వారం తిరిగేసరికి అవి బీరువా ఎక్కేస్తాయి. కారణం అడిగితే పాటను ఎవరూ తప్పుపట్టరు. 'అరగంటకే నడినెత్తి నొప్పి', 'చెవుల చుట్టూ ఒకటే చెమట', 'కళ్లజోడు కణతలకు గుచ్చుకుంటోంది'... ఇవీ సమాధానాలు. సంగీతప్రియులు ఈమధ్య ఎక్కువగా ముచ్చటపడుతున్న 'ఓపెన్‌-బ్యాక్ ప్లేనార్' హెడ్‌ఫోన్స్ విషయంలో ఈ బెడద మరీ ఎక్కువ. ఎందుకంటే వాటి బరువు ఎక్కువ, ధరా ఎక్కువే. అందుకే కొనేముందు 'సౌండ్ ఎలా ఉంటుంది?' అనే కాదు, 'గంటసేపు పెట్టుకోగలమా?' అని కూడా అడగాలి. తమాషా ఏమిటంటే, ఈ రకం హెడ్‌ఫోన్స్‌లో ఆ రెండు ప్రశ్నలకూ జవాబు దాదాపు ఒక్కచోటే ఉంటుంది!

పొర మీద ముగ్గు

మామూలు హెడ్‌ఫోన్స్‌లో ఉండేది బుల్లి లౌడ్‌స్పీకరే. ఓ పలుచటి పొర, దానికి అతికించిన తీగచుట్ట, వెనక ఓ అయస్కాంతం. తీగచుట్ట ముందుకూ వెనక్కూ కదులుతూ పొరను నెడుతుంది. చుట్ట అతికిన చోటే తోపు. మిగతా పొర దాన్ని అనుసరిస్తుందన్నమాట.

ప్లేనార్‌లో విడిగా తీగచుట్ట ఉండదు. కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే ఉండే ప్లాస్టిక్ పొర మీద విద్యుత్తు పారే సన్నటి దారులు పరుస్తారు... మెలికల ముగ్గు వేసినట్టు! మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు ఉంటుందంటే ఆ పొర ఎంత పలుచనో ఊహించుకోవచ్చు. దానికి ఒకవైపో, రెండువైపులానో వరసగా అయస్కాంతాలు అమరుస్తారు. పాట తాలూకు విద్యుత్తు ఆ దారుల్లో పారగానే పొర దాదాపు మొత్తంగా ఒక్కసారే కదులుతుంది. అందుకే మంచి ప్లేనార్‌లో వీణ మీటు, తబలా దెబ్బ చెదిరిపోకుండా స్పష్టంగా వినిపిస్తాయి. అడుగు స్వరాలు కూడా బాగా లోతుకు దిగుతాయి.

ఇదేమీ నిన్నమొన్నటి ఆలోచన కాదు. జపాన్ సంస్థ యమహా 1976లోనే హెచ్‌పీ-1 పేరుతో ఇలాంటి హెడ్‌ఫోన్స్ తెచ్చింది. వాటి రూపశిల్పి ఇటలీకి చెందిన ప్రముఖ డిజైనర్ మారియో బెలిని. తర్వాత చాలాకాలం ఈ పద్ధతి మూలనపడింది. 2000ల చివర్లో ఫాంగ్ బియాన్ స్థాపించిన హైఫైమ్యాన్, శంకర్ త్యాగసముద్రం సహ వ్యవస్థాపకుడిగా అమెరికాలో పుట్టిన ఆడిజీ సంస్థలు దాన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చాయి. 2023లో ఆడిజీని సోనీ గ్రూపు కొనేసింది.

వెనక తలుపు తెరిస్తే...

మరి 'ఓపెన్‌-బ్యాక్' అంటే? చెవి డిప్ప వెనకభాగం మూసేయకుండా జల్లెడలా వదిలేయడం. పొర కదిలినప్పుడు శబ్దం ముందుకే కాదు, వెనక్కూ వెళుతుంది. వెనక గోడ ఉంటే ఆ శబ్దం కొట్టుకుని తిరిగొచ్చి అసలు పాటతో కలుస్తుంది. జల్లెడ ఉంటే బయటికి పోతుంది. దాంతో పాట తలలోపల ఇరుక్కున్నట్టుగా కాకుండా కాస్త విశాలమైన చోట వింటున్నట్టు ఉంటుంది. ఈ పద్ధతికి పేరుతెచ్చినవి 1968లో జర్మనీ సంస్థ సెన్‌హైజర్ తెచ్చిన హెచ్‌డీ 414 హెడ్‌ఫోన్స్. పసుపు రంగు స్పాంజి మెత్తలతో అవి అప్పట్లో పెద్ద సంచలనం.

అయితే తలుపు తెరిస్తే గాలి రెండువైపులా ఆడుతుంది కదా! మీ పాట పక్కవాళ్లకు వినిపిస్తుంది. పక్కగదిలో టీవీ, వంటింట్లో కుక్కర్ కూత, నెత్తిమీద ఫ్యాన్ హోరు మీకు వినిపిస్తాయి. బస్సులో, ఆఫీసులో, పడకగదిలో పక్కన మరొకరు నిద్రపోతుంటే ఇవి పనికిరావు. అదే, ఇంట్లో ఒంటరిగా కూర్చుని వినేవారికీ, కాలింగ్‌బెల్ మోగినా పాప ఏడ్చినా తెలియాలనుకునేవారికీ ఇదే సదుపాయం. ఇల్లెలాంటిదో, వినే వేళేదో తేల్చుకున్నాకే పర్సు తీయాలి.

మరో మాట. పాత ఘంటసాల పాటల్లో చాలావరకు మోనో రికార్డింగులే. అంటే కుడి ఎడమల తేడా ఉండదు. ఎంత ఖరీదైన ఓపెన్‌-బ్యాక్‌లో విన్నా ఆ గొంతు నట్టనడుమే వినిపిస్తుంది. గొంతులోని గమకాలు, ఊపిరి తీసుకోవడం మరింత స్పష్టంగా తెలియొచ్చు. 'విశాలం' మాత్రం స్టీరియో పాటలకే!

పేర్లు మనవే... బరువులు చూసుకోవాలి

హైఫైమ్యాన్ తన మోడళ్లకు పెట్టిన పేర్లు వింటే తెలుగువారికి పక్కింటి పిల్లల్ని పిలిచినట్టే ఉంటుంది... సుందర, ఆనంద, ఆర్య, సుస్వర! వీటిలో 2018లో వచ్చిన సుందర మొదట 499 డాలర్లు ఉండేది. తర్వాత 349కి దిగింది. 2021లో వచ్చిన హెచ్‌ఈ400ఎస్ఈ 149 డాలర్ల ధరతో మొదలై, ప్లేనార్‌ను మధ్యతరగతికి దగ్గర చేసింది. మన దగ్గర పన్నులు, రవాణా కలుస్తాయి కాబట్టి ధరను ఎప్పటికప్పుడు రెండుమూడు చోట్ల కనుక్కోవడం మేలు.

ధర పక్కనే బరువు కూడా చూడాలి. సుందర సుమారు 372 గ్రాములు. ఆడిజీ వారి ఎల్‌సీడీ-ఎక్స్ అయితే 612 గ్రాములు! మామూలు స్మార్ట్‌ఫోన్లు మూడింటిని నెత్తిన పెట్టుకున్నట్టు. పొర ఎంత తేలికైనా దాన్ని కదిపే అయస్కాంతాలు బరువే కదా. అలాగని బరువున్నవన్నీ నొప్పి పెడతాయనీ కాదు, తేలికైనవన్నీ హాయిగా ఉంటాయనీ కాదు. ఆ బరువు తలమీద ఎంతమేర పరుచుకుందన్నదే ముఖ్యం. బిందెను నెత్తిమీద మోసేటప్పుడు కింద చుట్టకుదురు పెట్టుకునేది అందుకే!

నడినెత్తి పరీక్ష

దుకాణంలో రెండు నిమిషాలు పెట్టుకుంటే ఏవైనా బాగానే ఉంటాయి. నొప్పి తెలిసేది ఇరవై నిమిషాల తర్వాతే. వీలుంటే కనీసం అరగంట పెట్టుకుని చూడాలి. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి తీసుకునే షరతు ఉందో లేదో చూసుకోవాలి.

గమనించాల్సినవి మూడు. ఒకటి, బరువంతా నడినెత్తిన ఒక్క చోటే పడుతోందా? అలాగైతే లావుపాటి మెత్తకన్నా, తల వంపుకు తగ్గట్టు ఒదిగే వెడల్పాటి వేలాడే పట్టీ ఉన్న మోడల్ నయం. పట్టీలు విడిగానూ దొరుకుతాయి. చేతిసంచులు, బెల్టులు కుట్టేవారి దగ్గర మెత్తటి తోలుతో కుట్టించుకోవచ్చు కూడా. రెండు, చెవుల పక్క నొక్కుడు. అసలు నొక్కకపోతే బరువంతా నెత్తిమీదే పడుతుంది. మరీ నొక్కితే దవడలు నొప్పెడతాయి. హెడ్‌బ్యాండ్ స్టీలుదైతే తలకన్నా కాస్త వెడల్పుగా పుస్తకాల దొంతర పేర్చి, ఒక రాత్రంతా దానికి తొడిగి ఉంచితే కొద్దిగా సడలుతుంది. ప్లాస్టిక్ బ్యాండుకు మాత్రం ఈ ప్రయోగం వద్దు, విరిగిపోవచ్చు. మూడు, చెవి మొత్తం మెత్త లోపల ఇమిడిందా? చెవి అంచు లోపలి జల్లెడకు తగులుతుంటే అరగంటలో మంట మొదలవుతుంది.

మెత్త మారితే పాట మారుతుంది

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. చెవుల చుట్టూ ఉండే మెత్తలు... అదే, ఇయర్‌ప్యాడ్లు... కేవలం సుఖం కోసం కాదు. పొరకూ చెవికీ మధ్య ఉన్న చిన్న గదికి అవే గోడలు. గోడలు లోతైతే పొర చెవికి దూరంగా జరుగుతుంది. గోడలు గాలిని వదిలేస్తే బేస్ తగ్గుతుంది. గోడల లోపలివైపు గుడ్డ ఉంటే పై స్వరాల పదును కాస్త మెత్తబడుతుంది. నున్నటి తోలు ఉంటే కాస్త మెరుస్తుంది. కాబట్టి మెత్త మార్చడమంటే సోఫా కవరు మార్చినట్టు కాదు, వీణకు బుర్ర మార్చినట్టు!

రకాల సంగతికొస్తే... వెల్వెట్‌లా ఉండే వెలూర్ మెత్తలకు గాలి ఆడుతుంది, చెమట తక్కువ. మన ఎండాకాలానికి ఇవే హాయి. కాకపోతే గాలి జారిపోయి బేస్ కొంత పలుచనవ్వచ్చు. తోలు, రెగ్జిన్ మెత్తలు బిగువుగా అతుక్కుని బేస్‌ను నిలుపుతాయి. కానీ వేడి, చెమట. రెగ్జిన్ కొన్నాళ్లకు పొట్టు రాలుతుంది. రెండింటినీ కలిపి, చర్మానికి తగిలేచోట గుడ్డ, చుట్టూ తోలు పెట్టిన మెత్తలూ ఉన్నాయి. కొత్తవారికి ఇవి మంచి రాజీ.

కొబ్బరినూనె రాసుకునే అలవాటున్న ఇళ్లలో మరో జాగ్రత్త. నూనె, చెమట కలిస్తే ఎంత ఖరీదైన మెత్తయినా త్వరగా పాడవుతుంది. విన్న తర్వాత పొడిగుడ్డతో తుడవడం, తలస్నానం చేసిన తడి జుట్టు మీద పెట్టుకోకపోవడం మంచిది. వాడగా వాడగా లోపలి స్పాంజి అణిగిపోతుంది. అప్పుడు చెవి పొరకు దగ్గరై పాట తీరే మారిపోతుంది. 'హెడ్‌ఫోన్స్ పాతబడ్డాయి, సౌండ్ పోయింది' అనుకునేవారు ముందు కొత్త మెత్తలు వేసి చూడాలి. కొత్తవి కొనేముందు అవి మీ మోడల్‌కు సరిపోతాయో లేదో కూడా చూసుకోవాలి. కొన్నింటికి క్లిప్పులుంటాయి, కొన్నింటికి జిగురు!

కళ్లజోడు ఉందా?

ప్లేనార్‌లో బేస్ నిండుగా వినిపించాలంటే మెత్తకూ తలకూ మధ్య సందు ఉండకూడదు. కళ్లజోడు కాడలు సరిగ్గా అక్కడే సందు చేస్తాయి. గుబురు జుట్టు, పెద్ద జూకాలు కూడా అంతే. 'అందరూ బేస్ అద్భుతమంటున్నారు, నాకేమీ తెలియట్లేదే' అనేవారిలో కళ్లజోడు వారు ఎంతమందో!

పరీక్ష తేలిక. మృదంగం బాగా వినిపించే పాట పెట్టి, రెండు డిప్పలనూ తలవైపు అతి మెల్లగా అదమండి. ఎడమ మూత గుమ్‌మనే నాదం ఒక్కసారిగా పెరిగితే గాలి జారుతున్నట్టే. సన్న కాడల కళ్లజోడు, ఒదిగిపోయే మెత్తటి స్పాంజి ఉన్న ప్యాడ్లు దీనికి మందు. వినేంతసేపు కళ్లజోడు తీసేయగలిగితే ఖర్చే లేదు.

యాంప్లిఫయర్ కావాలా?

'ప్లేనార్ కొంటే యాంప్లిఫయర్ కూడా కొనాల్సిందే' అనే మాట సగమే నిజం. పెట్టె మీద 'సెన్సిటివిటీ' అనే అంకె చూడండి. ఒక మిల్లీవాట్ విద్యుత్తుకు ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో అది చెబుతుంది. హైఫైమ్యాన్ పాత మోడల్ హెచ్‌ఈ-6కు ఆ అంకె 83.5. అదే సంస్థ సుందరను తెచ్చినప్పుడు దానికి చెప్పిన అంకె 94. తేడా పదిన్నరే కదా అనిపిస్తుంది. కానీ పది డెసిబెల్స్ పెరగాలంటే విద్యుత్తు పదింతలు కావాలి! ఒకే శబ్దానికి హెచ్‌ఈ-6కు సుందరకన్నా 11 రెట్లు కావాలన్నమాట. మొదటిదానికి గట్టి యాంప్లిఫయర్ తప్పదు. రెండోదాన్ని మంచి ఫోన్ డాంగిల్‌తోనో, ల్యాప్‌టాప్‌తోనో ముందు విని చూడండి. చాలినంత శబ్దం స్పష్టంగా వస్తుంటే అదనపు ఖర్చు ఎందుకు?

కేబుల్ విషయమూ అంతే. తేలిగ్గా, మెలికలు పడకుండా, చొక్కాకు రాసుకున్నా గరగరమనకుండా ఉంటే చాలు. సౌండ్ మారాలని దానిమీద వేలు పోసే బదులు, ఆ డబ్బుతో ఓ జత మెత్తలు కొంటే తేడా చెవికి తెలుస్తుంది.

పైసా ఖర్చులేని మార్పు

హెడ్‌ఫోన్స్‌ను మన చెవికి తగ్గట్టు మలుచుకోవడానికి అన్నిటికన్నా చవకైన సాధనం ఈక్వలైజర్. కంప్యూటర్‌లో విండోస్ ఉంటే 'ఈక్వలైజర్ ఏపీఓ' ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకు 'వేవ్‌లెట్' లాంటి యాప్‌లున్నాయి. మంచి ప్లేనార్లు బేస్‌లో రొద తక్కువగా చేస్తాయి కాబట్టి, కాస్త పెంచినా పాట పగిలిపోదు.

పద్ధతి ఇలా... బేస్ చాలకపోతే 100 హెర్ట్జ్ దిగువన మూడు నాలుగు డెసిబెల్స్ పెంచండి. ఎంత పెంచారో అంతమేర 'ప్రీయాంప్' తగ్గించండి. లేకపోతే పెద్ద శబ్దాల దగ్గర పాట చిట్లుతుంది. పాటలో 'స, శ, ష'లు సూదుల్లా గుచ్చుతుంటే 6 వేల నుంచి 9 వేల హెర్ట్జ్ మధ్య రెండు మూడు డెసిబెల్స్ తగ్గించి చూడండి. గాయని గొంతు వాద్యాల వెనక్కి జరిగినట్టుంటే 1,500 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా పెంచండి. ఒకసారికి ఒకటే మార్పు. రెండు రోజులు విన్నాకే రెండోది. ఉప్పు, కారం, పులుపు ఒకేసారి వేస్తే ఏది ఎక్కువైందో తెలియదు కదా! మెత్తలు మార్చితే ఈ లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయని గుర్తుంచుకోవాలి. కాబట్టి ముందు మెత్తలు, తర్వాతే ఈక్వలైజర్.

స్క్రూడ్రైవర్ తీసేముందు...

హెడ్‌ఫోన్స్ విప్పి మార్పులు చేసే సరదా ప్రపంచమంతా ఉంది. ఆ సరదారాయుళ్లకు జపాన్ సంస్థ ఫాస్టెక్స్ వారి టీ50ఆర్‌పీ ఓ ప్రయోగశాల. స్టూడియోల కోసం చేసిన ఈ ప్లేనార్ పూర్తిగా కాకుండా సగమే ఓపెన్. దాని డిప్పల్లో దూది, ఫెల్టు గుడ్డ నింపి, ప్లాస్టిక్ అదరకుండా జిగట మట్టి అంటించి, మెత్తలు మార్చి సౌండ్‌ను కొత్తగా తీర్చిదిద్దుతారు. అమెరికాలో డాన్ క్లార్క్ ఇలా టీ50ఆర్‌పీలను మార్చి అమ్మడంతోనే మొదలుపెట్టి, తర్వాత సొంత హెడ్‌ఫోన్స్ సంస్థనే నిలబెట్టారు.

వినడానికి బాగుంది. అయితే విప్పితే వారంటీ పోవచ్చు. దానికన్నా పెద్ద ప్రమాదం అయస్కాంతాలది. గుండుసూది, స్టేపుల్ ముక్క, ఇనుప రజను... ఏది దగ్గరకొచ్చినా లాగేసుకుంటాయి. మధ్యలో ఉన్నది కొన్ని మైక్రాన్ల పొర! చిరిగితే బాగుచేయడం దాదాపు అసాధ్యం. మూతలు విప్పకపోయినా ఈ జాగ్రత్తలు తప్పవు. జడపిన్నులు, పిన్నీసులు ఉండే అద్దం బల్ల మీద పెట్టొద్దు. దుమ్ము పోతుందని నోటితో గట్టిగా ఊదొద్దు. పెట్టుకునేటప్పుడు, తీసేటప్పుడు డిప్పలను చెవులకేసి ఒక్కసారిగా అదమొద్దు. లోపలి గాలి ఒత్తిడికి పొర ముడతపడొచ్చు. విన్నాక దుమ్ముపడని పెట్టెలో దాచాలి.

ఇంట్లో పేస్‌మేకర్ పెట్టించుకున్న పెద్దలుంటే మరో ముఖ్య విషయం. ఈ హెడ్‌ఫోన్స్‌ను మెడలోనో, ఛాతీమీదో ఉంచుకోకూడదు. అయస్కాంతాలు ఆ పరికరం పనిని అడ్డుకునే ప్రమాదం ఉంది. ఛాతీకి జానెడు దూరం తప్పనిసరి. వాడొచ్చో లేదో ముందుగా డాక్టరును అడగాలి.

ఫ్యాన్‌తో పోటీ వద్దు

హాయిగా ఉండే హెడ్‌ఫోన్స్‌తో ఓ చిక్కుంది. గంటలు తెలియవు! పైగా ఓపెన్‌-బ్యాక్ బయటి చప్పుళ్లను ఆపదు. ఫ్యాన్ హోరును మించాలని వాల్యూమ్ పెంచుతూ పోతాం. ప్లేనార్ పాటను చిట్లనివ్వదు కాబట్టి ఎంత గట్టిగా వింటున్నామో చెవికి తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దలు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినొచ్చు. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. 90 దగ్గర వారం మొత్తానికి నాలుగు గంటలే! పిల్లలకైతే పరిమితి 75 డెసిబెల్స్. ఫ్యాన్ వేగం ఒక మెట్టు తగ్గించి, తలుపు వేసుకుని, వాల్యూమ్ కూడా తగ్గించండి. మెత్తలు అరిగితే మార్చుకోవచ్చు. వినికిడి నరాలు దెబ్బతింటే విడిభాగాలు దొరకవు.

కొనేముందు ఒక్కసారి...

* వినేది ఒంటరిగానా, నలుగురి మధ్యా? నలుగురి మధ్య అయితే ఓపెన్‌-బ్యాక్ వద్దు.

* బరువెంత? అరగంట పెట్టుకున్నాక కూడా నడినెత్తి హాయిగానే ఉందా?

* చెవి పూర్తిగా లోపల ఇమిడిందా? రోజూ వాడే కళ్లజోడుతోనే పెట్టి చూశారా?

* మెత్తలు, పట్టీ, కేబుల్ విడిగా దొరుకుతాయా? తేలిగ్గా మార్చుకోవచ్చా?

* సెన్సిటివిటీ ఎంత? ఉన్న ఫోనుతో చాలుతుందా?

* మార్పుల వరస: ముందు పట్టీ, తర్వాత మెత్తలు, ఆపైన ఈక్వలైజర్. స్క్రూడ్రైవర్ అన్నిటికన్నా ఆఖర్న... వీలైతే అసలే వద్దు!